మల్చింగ్ షీటు పీకలేక చస్తున్నాం, అరటి బోదెతో బుడ్డల (వేరుశనగ) పొట్టుతో చేసే షీటు నిజంగా ఉందా?

టమోటా_కళ్యాణదుర్గం
కర్బూజ కోతలు అయిపోయినాయి. రేటు కూడా వచ్చింది, దేవుడి దయ. ఇప్పుడు మిగిలింది, కలుపు రాకుండా బెడ్ల మీద పరిచిన ప్లాస్టిక్ మల్చింగ్ షీటు పీకే పని. 25 మైక్రాన్ మందంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వేసినా. ఎండకు పైభాగం పేలికలైపోయింది. పట్టుకుని లాగితే చేతికి మూరెడు వస్తాది, మిగతాది మట్టిలోనే. బెడ్డు అంచుల్లో పూడ్చింది అయితే రానే రాదు. పోయినేడు మిగిలిన ముక్కలు రోటావేటరు షాఫ్టుకు చుట్టుకుంటే ట్రాక్టరాయన దిగి కొడవలితో కోస్తా నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. గట్టు మీద కుప్ప పోస్తే ఎనుములు నోట పెడతాండాయి. కాలిస్తే ఊరంతా కంపు.

వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతాంది. అరటి బోదె, బుడ్డల పొట్టు, మొక్కజొన్న కంకి బెండు, ఇట్లాంటివాటితో షీటు చేస్తారంట, పంట అయినాక దాని మీదనే దున్నేయొచ్చంట. కళ్లతో చూసినోళ్లు ఎవరన్నా ఉండారా? రేటెంత? మా ఊళ్లో పది మంది కలిస్తే ఇక్కడే చేసుకోవడం అయితాదా? లింకులు వద్దు, వాడినోళ్లు చెప్పండి.

బెంగళూరు_బస్సు
ఆ వీడియోలో "ఎకరాకు లక్ష లాభం" అన్నాడా? వెనక వీణ మ్యూజిక్ ఉందా? అయితే మా నాయన కూడా పంపినాడు, రెండుసార్లు.

టమోటా_కళ్యాణదుర్గం
వీణ కాదు, ఫ్లూటు.

ఎరువులకొట్టు_గుంతకల్లు
కొట్టు నడిపేవాణ్ని కాబట్టి నా వైపు మాట చెప్తా. "బయో" అని పచ్చ అక్షరాలు కొట్టిన రోలు ఒకాయన తెచ్చినాడు, మామూలు షీటు రేటుకే ఇస్తానన్నాడు. సర్టిఫికెట్ చూపించమంటే మళ్లీ ఫోను ఎత్తలేదు. అట్లాంటివాటిలో ఎండకు తొందరగా చిట్లిపోయే మందు కలుపుతారు. చిట్లుతాది, కంటికి కనపడదు, మట్టిలో పొడి అయి అట్లనే ఉంటాది. నిజంగా మట్టిలో కలిసిపోయే రకం కూడా ఉంది, కాకపోతే మామూలు దానికి రెండింతలు, మూడింతలు రేటు. ప్లాస్టిక్ షీటుకేమో తోటల శాఖోళ్లు 50 శాతం సబ్సిడీ ఇస్తాండారు, రెండు హెక్టార్ల దాకా. రైతు ఏది కొంటాడో మీరే చెప్పండి.

పాలిమర్_పిల్లోడు
అనంతపురంలోనే ఎంటెక్ చేస్తున్నా, పని ఇదే. కొంచెం పొడుగ్గా రాస్తా, తిట్టుకోవద్దు.

షీటు దేనితో చేసినారు అనేది ఒక ప్రశ్న. చివరికి ఏమవుతాది అనేది ఇంకో ప్రశ్న. వీడియోలోళ్లు రెండూ కలిపేస్తారు. పీఎల్ఏ అని ఒక ప్లాస్టిక్ ఉంది, మొక్కజొన్న చక్కెర నుంచి చేస్తారు, అంటే పూర్తిగా మొక్క సరుకే. కానీ చేన్లో పూడిస్తే ఏళ్ల తరబడి ఉంటాది, అది కుళ్లాలంటే 58 డిగ్రీల దాకా వేడెక్కే కంపోస్టు కుప్ప కావాలి. పీబీఏటీ అని ఇంకోటి, పుట్టింది పెట్రోలియం నుంచి, కానీ మామూలు మట్టిలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని తింటాయి. ఇప్పుడు చెప్పండి, ఏది రైతుకు మంచిది?

ఇక మన బోదె, పొట్టు సంగతి. వాటిలో ఉండేది సెల్యులోజు, హెమీసెల్యులోజు, లిగ్నిను, అంటే మొక్కను గట్టిగా నిలబెట్టే సరుకు. సెల్యులోజు కరగదు. ఎంత వేడి చేసినా నేరుగా మాడి బొగ్గవుతాది. షీటు ఊదే మిషనుకు కరిగే సరుకు కావాలి, అందుకే పొట్టు పొడిని నేరుగా షీటు చేయడం కుదరదు. పిండిపదార్థం వేరే, దానికి నీళ్లు, గ్లిజరిన్ కలిపి వేడి చేస్తే మన సంగటి మాదిరి ముద్దై సాగుతాది. బజార్లో "మొక్కజొన్న షీటు" అని అమ్మేవి ఎక్కువగా ఈ పిండి, పీబీఏటీ కలిపినవే. వ్యర్థాల పొడిని అందులో కొంత కలపొచ్చు, ఎక్కువైతే పెళుసై బెడ్డు మీద పరిచేటప్పుడే చిరుగుతాది. ల్యాబులో మేం పోసేది అన్నం కంచం అంత ముక్క. కంచం నుంచి 400 మీటర్ల రోలుకు పోయే దారే ఈ పనిలో కష్టమంతా.

బెంగళూరు_బస్సు
సంగటి అన్నావు, ఆకలేస్తాంది. ఇక్కడ ముద్దె అంటారు, ఆ రుచి రాదు.

ఎద్దులబండి
నాకు ముందు ఒక మాట అర్థం కావాలి. ఏది వ్యర్థం? బుడ్డల కట్టె వ్యర్థమా? అది మా ఎద్దులకు ఏడాది మేత. వామి వేసుకుంటే కరువులో అదే బ్యాంకు. సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, అదీ నమ్మకం లేకుండా పడే చోట, పొలం నుంచి వచ్చే పుల్లను కూడా వ్యర్థం అనేవాడు ఇక్కడి మనిషి కాదు. పొట్టు అంటావా, కాయలు ఒలిచే మిల్లు కాడ ఇటుక బట్టీలోళ్లు ముందే మాట్లాడి పెట్టుకుంటారు. కందికట్టె పొయ్యిలోకి, దడికి. షీటు ఫ్యాక్టరీ వస్తే వీటి రేటు పెరిగి మేత మాకే అందదు. కోనసీమోళ్ల లెక్క ఇక్కడ చెప్పొద్దు.

పాలిమర్_పిల్లోడు
పెద్దాయన చెప్పింది సరైన మాట. కట్టెను ముట్టుకునే ఆలోచన ఎవరికీ ఉండకూడదు. నేను చెప్పేది పశువు తిననివి, ఎవరూ కొననివి.

రేగడి_ఆదోని
అయితే పత్తి కట్టె తీసుకోండి. మాకు ఏటా అదే తలనొప్పి, పీకడానికి కూలి, కాల్చడానికి అగ్గిపెట్టె. ముంబైలో సిర్కాట్ అని ఐసీఏఆర్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) సంస్థ ఉంది, పత్తి కట్టెతో బోర్డులు, పెల్లెట్లు చేసే పద్ధతి ఎప్పుడో తెచ్చింది. బోర్డు అయినప్పుడు షీటు ఎందుకు కాదు?

పాలిమర్_పిల్లోడు
బోర్డుకు సాగే గుణం అక్కర్లేదు, షీటుకు కావాలి. అందులోనూ మీ నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తాది, కింద నేల విడిపోతుంటే పైన షీటు లాక్కుపోతాది. పెళుసు సరుకు ఆ రోజే చిరుగుతాది.

ఆచ్ఛాదన_అక్క
మీరంతా షీటు, షీటు అని గింజుకుంటున్నారు. ఆకూ అలమూ నేరుగా నేల మీద పరిస్తే సరిపోదా? మేం ధర్మవరం పక్కన ప్రకృతి సేద్యం చేస్తాం, వానకు ముందే నవధాన్యాలు చల్లి పొట్టు, ఆకులు కప్పుతాం. ఆచ్ఛాదన అంటే అదే. ఫ్యాక్టరీ ఎందుకు, గ్లిజరిన్ ఎందుకు?

టమోటా_కళ్యాణదుర్గం
అక్కా, మీరు చెప్పేది కంది, కొర్ర చేన్లకు బాగుంటాది. డ్రిప్పు పెట్టిన కర్బూజకు కలుపు ఆపాలంటే మూడు నాలుగు అంగుళాల మందాన పరచాల, ఎకరాకు టన్నుల లెక్కన కావాల. పెద్దాయన ఇప్పుడే చెప్పినాడు కదా, ఆ కట్టె యాడుంది? ఒకవేళ పరిచినా మా ఎర్రనేలలో చెదలు రాత్రికి రాత్రి వస్తాయి.

ఆచ్ఛాదన_అక్క
చెదలు ఎండు పుల్ల తింటే పచ్చి మొక్క జోలికి రావు.

రేగడి_ఆదోని
ఆ సంగతి చెదలకు తెలియాల కదక్కా.

రిటైర్డ్_ఏఓ
ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ప్లాస్టిక్ రాకముందే, 1920ల నాటికే హవాయి దీవుల్లో అనాస తోటలకు తారు పూసిన కాగితం పరిచేవారు. తర్వాత పాలిథిన్ చౌకగా దొరకడంతో కాగితం వెనకబడింది. ఇప్పుడు అదే పాలిథిన్ బెడదై మళ్లీ కాగితం వైపు చూస్తున్నాం. చైనాలో పత్తి చేలల్లో ఏళ్ల తరబడి పల్చటి షీటు వాడి, ముక్కలు మట్టిలో పేరుకుపోయి, వేర్లకూ నీటికీ అడ్డం పడ్డాయి. ముక్కలవకుండా పీకడానికి వీలుండాలని 2017లో అక్కడ షీటు కనీస మందాన్ని 10 మైక్రాన్లకు పెంచారు. 2021లో ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో పంటలకు, పశువులకు ఏడాదిలో వాడే ప్లాస్టిక్ 1.25 కోట్ల టన్నులు.

కొనేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. యూరప్‌లో 2018లో ఈఎన్ 17033 అనే ప్రమాణం వచ్చింది, అచ్చంగా ఈ మల్చింగ్ షీట్ల కోసమే. షీటులోని కర్బనంలో 90 శాతం రెండేళ్లలోపు మట్టిలో కార్బన్ డయాక్సైడుగా మారాలి, వానపాములకూ మొక్కలకూ హాని ఉండకూడదు. కంటికి కనపడకపోతే చాలదు. మన దేశంలో కంపోస్టు అయ్యే ప్లాస్టిక్ తయారుచేసేవారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ తీసుకోవాలి. కానీ కంపోస్టు కుప్పలో కుళ్లడం వేరు, చేన్లో కుళ్లడం వేరు, ఇందాక ఆ అబ్బాయి చెప్పినట్టే.

బెంగళూరు_బస్సు
సార్, కూరగాయల సంచి 120 మైక్రాన్లకు తగ్గితే కొట్టుకు ఫైను. చేన్లో 25 మైక్రాన్ది పరిస్తే సబ్సిడీ. ఇది ఏ లెక్క?

రిటైర్డ్_ఏఓ
ఆ ప్రశ్న సర్వీసులో ఉన్నప్పుడు అడగాల్సింది. పెన్షన్ వచ్చాక నేనూ అదే అడుగుతున్నాను.

అరటి_పుట్లూరు
బోదె సంగతి మమ్మల్ని అడగండి. గెల కొట్టినాక దాన్ని నరకాల, లాగాల, గట్టుకు చేర్చాల, అంతా ఖర్చే. కొందరు ముక్కలు కొట్టి చేన్లోనే ఏస్తారు, కొందరు వంకలో పారేస్తారు. పుట్లూరు, యల్లనూరు, నార్పల, అటు పక్క పులివెందుల, అన్ని చోట్లా ఇదే. ఎవరన్నా వచ్చి తీసుకుపోతే ఊరికే ఇస్తాం, టీ కూడా ఇస్తాం. కానీ పిల్లోడా, బోదెలో ఉండేదంతా నీళ్లే కదా? నార తీసే మిషను చూసినా, ట్రాలీడు బోదె పెడితే చంకలో పెట్టుకుపోయేంత నార వచ్చింది.

పాలిమర్_పిల్లోడు
అవునన్నా, బరువులో 90 శాతానికి పైగా నీళ్లే. వంద కిలోల బోదెకు ఎండు నార ఒక కిలో అటూ ఇటూ. అయినా లెక్క వేసి చూడండి. ఆరడుగుల దూరంలో నాటితే ఎకరాకు 1,200 చెట్లు. బోదె 25 కిలోలు అనుకుంటే 30 టన్నులు. అంటే 300 కిలోల నార.

ఇప్పుడు షీటు వైపు. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగులకో బెడ్డు, అంటే ఎకరాకు ఆరు రోళ్లు, సుమారు 2,900 చదరపు మీటర్లు. 25 మైక్రాన్ల ప్లాస్టిక్ అయితే మొత్తం 66 కిలోలే. నారతో దిట్టమైన కాగితం లాంటి చాప చేస్తే చదరపు మీటరుకు 100 గ్రాములు పట్టినా 290 కిలోలు. ఒక ఎకరం అరటి నార ఒక ఎకరం కర్బూజకు సరిగ్గా సరిపోతాది. పెద్దాయన ఎద్దుల మేత ముట్టుకోకుండానే.

ఎద్దులబండి
ఇది వినడానికి బాగుంది. మోసేదెవరు?

ఎరువులకొట్టు_గుంతకల్లు
అదే నేనూ అడిగేది. 66 కిలోల సరుకు ఆటోలో పోతాది. 290 కిలోల చాప చుట్టలు చుడితే ట్రాక్టరు కావాల. కొట్టులో పెట్టడానికి గోడౌను, వానకు తడిస్తే నా గతి ఏం కాను?

రేటు కూడా చెప్పుకుందాం. రోలు రెండు వేలు అనుకో, ఆరు రోళ్లు 12 వేలు. కలిసిపోయే రకం రెండున్నర రెట్లంటే 30 వేలు. తేడా 18 వేలు. షీటు పీకడానికి ఎనిమిది మంది ఆడకూలీలు, మనిషికి 400 అనుకుంటే 3,200. మూడు వేలు మిగుల్చుకోవడానికి 18 వేలు ఎవడు పెడతాడు?

టమోటా_కళ్యాణదుర్గం
ఇంకోటి మర్చిపోయినావన్నా. మాలో చానా మంది కర్బూజ తీసి అదే షీటు మీద టమోటా నాటుతారు. ఒక షీటు రెండు పంటలు. కలిసిపోయేది రెండో పంటకు ఉండదు కదా.

పాలిమర్_పిల్లోడు
ఉండదు. కడ్డీలు కట్టి పెంచే టమోటాకు అయిదారు నెలలు కావాలి, దానికి ఇప్పుడున్న వాటిని నేను చెప్పను. కర్బూజ, కళింగర (పుచ్చ) 70 రోజుల పంట, మొదట అక్కడ సరిపోతాది. ఎరువులకొట్టు అన్న లెక్క తప్పని అనను. కానీ మట్టిలో మిగిలిపోయిన ముక్కలకు ఎవరూ బిల్లు వేయరు కాబట్టే ప్లాస్టిక్ చౌకగా కనపడుతోంది.

ఎరువులకొట్టు_గుంతకల్లు
బిల్లు వేయని ఖర్చుకు రైతు డబ్బు కట్టడు తమ్ముడూ. సబ్సిడీ దీనికి మారిస్తే రేపే స్టాకు పెడతా.

టమోటా_కళ్యాణదుర్గం
కర్బూజకు ఒక చిక్కుంది. కాయ షీటు మీదే పడుకుంటాది. షీటు తొందరగా చిల్లులు పడితే కాయ మట్టికి తగిలి మచ్చ వస్తాది, వ్యాపారి కిలోకు రెండు రూపాయలు కోస్తాడు. ఎన్నాళ్లు నిలుస్తాదో గ్యారంటీ కావాల.

రేగడి_ఆదోని
తుంగ సంగతి ఎవరూ అడగరేం? మంచి ప్లాస్టిక్‌నే సూది మాదిరి పొడుచుకుని పైకొస్తాది. ఈ మెత్తటి వాటిని లెక్క చేస్తాదా?

పాలిమర్_పిల్లోడు
పల్చటి పిండి షీటును చేయదు. నార చాప మందంగా ఉంటాది కాబట్టి కొంత నయం. తుంగ బాగా ఉన్న చేన్లో అయితే ముందు తుంగ సంగతి చూసుకున్నాకే ఏదైనా.

ఎన్నాళ్లు నిలుస్తాది అన్నదానికి జవాబు: పైన ఉన్న భాగానికి ఎండ శత్రువు, పూడ్చిన అంచుకు తేమ, సూక్ష్మజీవులు. డ్రిప్పు తడి తగిలే చోట అంచు ముందు మెత్తబడతాది. అంచు వదిలితే గాలి లేపుతాది.

ఎద్దులబండి
ఆషాఢం గాలికి ఎద్దే పక్కకు ఒరుగుతాది. రామగిరి కొండ మీద ఆ గాలిమరలు ఊరికే పెట్టినారా?

పొదుపుసంఘం_శింగనమల
ఇంతసేపు చదివినా. మా సంఘంలో విస్తరాకులు ఒత్తే మిషను ఉంది, పెళ్లిళ్ల సీజను తప్ప ఖాళీగా పడుంటాది. రోళ్లు మాకు చేతకాదు సరే. నార గుజ్జుతో చిన్న చిన్న చాపలు చేస్తే? చీనీ (బత్తాయి) మొక్క చుట్టూ, దానిమ్మ మొక్క చుట్టూ పరిచేవి. మధ్యలో బొక్క, ఒక వైపు చీలిక. మొక్కకు ఒకటి.

పాలిమర్_పిల్లోడు
అక్కా, ఇంత పొడుగు చర్చలో పనికొచ్చే మాట ఇదే. చెట్టు చుట్టూ వేసే చాపకు సాగే గుణం అక్కర్లేదు, షీటు ఊదే మిషను అక్కర్లేదు, పీబీఏటీ కూడా అక్కర్లేదు. కొబ్బరి పీచుతో ఇట్లాంటివి ఇప్పటికే అమ్ముతున్నారు.

గుజ్జు చేయడానికి కాస్టిక్ సోడాతో ఉడికిస్తే తొందరగా అవుతాది, కానీ మిగిలే నల్లటి నీళ్లు ఎక్కడ పోస్తారు? చెరువులో పోయకూడదు, చేన్లో పోయకూడదు. చేత్తో కాగితం చేసేవాళ్లు సున్నంలో నానబెట్టి ఉడికించే పద్ధతి ఉంది. ఆలస్యమైనా మీకు అదే మంచిది. ఉడికినాక బాగా కడగాలి. బంకకు పలచటి గంజి చాలు. తెల్లగా చేయాలని బ్లీచింగు వేయొద్దు. లిగ్నిను ఉన్న గోధుమ రంగే మేలు, వెలుతురును అడ్డుకుని కలుపును ఆపుతాది.

రిటైర్డ్_ఏఓ
ఒక జాగ్రత్త. ఇట్లాంటి చాపలు కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తాత్కాలికంగా లాక్కుంటాయి. మట్టి మీద ఉన్నంతవరకు పెద్దగా తేడా రాదు, తవ్వి లోపల కలిపితే ఆకు పసుపెక్కవచ్చు. కలిపే ముందు పశువుల ఎరువు వేయండి. తిరుచ్చిలోని జాతీయ అరటి పరిశోధన కేంద్రంలో బోదె నుంచి నార తీయడం మీద శిక్షణ ఇస్తారు, సంఘం తరఫున అడగండి.

పొదుపుసంఘం_శింగనమల
సున్నం దొరుకుతాది. గంజి మా ఇళ్లల్లోదే. బోదె పుట్లూరు అన్న ఊరికే ఇస్తానన్నాడు, మాట మీద ఉండాల. మరి చెదల సంగతి?

అరటి_పుట్లూరు
ఇస్తా అక్కా. బండి మీది, బోదె నాది. టీ ఖాయం.

ఆచ్ఛాదన_అక్క
చెదలకు వేపపిండి చల్లండి. నేను మొదట చెప్పిందీ ఇదే, నేలను కప్పమని. మీరు దాన్ని ఉడికించి, ఒత్తి, ఎండబెట్టి మళ్లీ నేల మీదకే తెచ్చినారు.

రేగడి_ఆదోని
అక్కా, మిషను ఖాళీగా ఉంది కదా, ఒత్తనీ.

పాలిమర్_పిల్లోడు
చేసేవాళ్లు ఒక పరీక్ష కూడా పెట్టండి. ఉల్లిగడ్డల వల సంచిలో చాప ముక్క, పక్కనే మామూలు ప్లాస్టిక్ ముక్క, "బయో" అని అమ్మేది దొరికితే అది కూడా, వేర్వేరు సంచుల్లో పెట్టి డ్రిప్పు చుక్క పడే చోట జానెడు లోతున పూడ్చండి. పొడి నేలలోనూ ఒక జత పూడ్చండి, మన దగ్గర తేమ లేని చోట ఏదీ తొందరగా కుళ్లదు. పూడ్చే ముందు తూకం వేసి రాసిపెట్టుకోండి. రెండు నెలలకోసారి తీసి ఫోటో పెట్టండి. ఇది ఈఎన్ పరీక్ష కాదు, కార్బన్ డయాక్సైడు కొలిచే పరికరం మన దగ్గర లేదు, కానీ అబద్ధమాడే షీటు మాత్రం దొరికిపోతాది.

టమోటా_కళ్యాణదుర్గం
కళింగర వేసేటప్పుడు నేను రెండు బెడ్లు వదులుతా. కలిసిపోయే రకం ఒక్క రోలు తెప్పించి ఇయ్యన్నా గుంతకల్లు, సర్టిఫికెట్ ఉన్నది. నీ కమీషను వదులుకో.

ఎరువులకొట్టు_గుంతకల్లు
రోలు తెప్పిస్తా. కమీషను సంగతి ఫోన్లో మాట్లాడుకుందాం.

బెంగళూరు_బస్సు
పిల్లోడా, ఒక డౌటు. ఆ పీబీఏటీ కూడా పెట్రోలే అన్నావు కదా. మొక్క నుంచి చేసి, మట్టిలో కూడా కలిసిపోయేది అసలు లేదా?

పాలిమర్_పిల్లోడు
ఉంది. పూర్తిగా మొక్క సరుకే అని చెప్పలేను కానీ, ఇటలీలో సార్డీనియా దీవిలో ముళ్ల మొక్క గింజల నూనె నుంచి ఆమ్లం తీసి దాంతో చేసే ప్లాస్టిక్‌ను మల్చింగ్ షీట్లకు వాడినారు. మన దగ్గర దానికి బదులు ఆముదం ఉంది. ఆముదం నూనె నుంచి సెబాసిక్ ఆమ్లం వస్తాది, దాంతో ఆ జాతి ప్లాస్టిక్ చేయొచ్చు. ఆముదం పంటలో ప్రపంచంలో మన దేశమే మొదటిది, ఎక్కువ గుజరాత్‌లో. బుడ్డల చేన్ల గట్ల మీద మనోళ్లు వేసేది కూడా అదే. నా పని ఇప్పుడు దాని మీదే నడుస్తోంది, కంచం సైజులో.

ఎద్దులబండి
నిజమా? ఆదోని మార్కెట్లో ఇప్పుడు ఆముదాలు క్వింటా ఎంత పలుకుతాండాయో ఎవరన్నా చెప్పండి. మా గట్ల మీద రెండు మూటలు ఉండాయి.

రేగడి_ఆదోని
రేపు యార్డుకు పోతాండా, అడిగి పెడతా. మూటలు ఎండబెట్టు పెద్దాయనా, తేమ ఉంటే కోత కోస్తారు.